ఇంజను కడుపు కడిగిన ఆయిలు

రిటైరయ్యాక నన్ను జనం ఎక్కువగా అడిగే ప్రశ్న ఒక్కటే. "ఇంజనును లోపల శుభ్రం చేస్తుందని డబ్బా మీద రాస్తారు గదా, ఆ ఆయిలు నిజంగా శుభ్రం చేస్తుందా?" చేస్తుంది. ఈ జవాబు నేను సంతోషంగా చెప్పడం లేదు. అది ఉత్త డబ్బా కబురే అయి ఉంటే మునిరత్నం అన్న బతుకు ఇంకోలా ఉండేది.

మోటారు పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నా జీతం ఎప్పుడు పెరిగింది, షెడ్డు నా చేతికి ఎలా వచ్చింది వంటివి ఇందులో ఉండవు. వాటి వల్ల ఎవరికీ ఏమీ ఒరగదు. ఒక బస్సు గురించి, ఒక డ్రైవరు గురించి చెబుతాను. చదివాక మీ మనసు బరువెక్కితే నన్ను తిట్టుకోకండి. ఈ పనిలో మనసు తేలికపడే రోజులు నేను చూసినవి తక్కువే.

మడ్డి

మాది పొదటూరుపేట. మావాళ్ళంతా నేతపనివాళ్ళు. నాకు మగ్గం ముందు కూర్చునే ఓపిక లేదని మా నాయన తిట్టి తిట్టి, చివరికి తిరుత్తణిలో కణ్ణప్ప మేస్త్రి షెడ్డులో వదిలిపెట్టి వెళ్ళాడు. తిరుత్తణి అప్పట్లో ఆంధ్రలో ఉండేది. తిరువళ్ళూరు మద్రాసు రాష్ట్రం. మా బస్సులు పొద్దున ఒక రాష్ట్రంలో బయలుదేరి ఇంకో రాష్ట్రంలో టీ తాగి వచ్చేవి. మనుషులు మాత్రం రెండు వైపులా ఒకటే, నోట్లో సగం తెలుగు, సగం అరవం.

ఆ బస్సుల్లో చాలావరకు యుద్ధకాలం నాటివి. పెట్రోలు దొరకని రోజుల్లో వెనకాల బొగ్గు పొయ్యి తగిలించుకుని, ఆ పొగతో నడిచినవి. ఆ బొగ్గు మసి అంతా ఇంజను లోపలికి పోయి, ఆయిలుతో కలిసి, ఛాంబరు అడుగున మడ్డిగా పేరుకుపోయింది. ఇంజను అడుగున ఆయిలు నిలిచే తొట్టిని మేము ఛాంబరు అంటాము. కొన్ని బస్సుల్లో ఆ మడ్డి బెల్లం పాకంలా ఉండేది, కొన్నింటిలో చెక్కితే గానీ రాని పెచ్చుగా ఉండేది.

మడ్డి చెడ్డదే. కానీ అప్పటి మామూలు ఆయిలు దాని జోలికి పోయేది కాదు. అది ఒక మూల పడి ఉండేది, ఇంజను తన దారిన తాను తిరిగేది. అరిగిపోయిన బిరడాల సందుల్లోంచి ఆయిలు కారిపోకుండా ఆ మడ్డే అడ్డం పడి కాపాడిన బండ్లు కూడా చూశాను. పాత బండి అంటే అందులో సగం ఇనుము, సగం మడ్డి. రెండూ కలిసి బతకడం నేర్చుకుని ఉంటాయి. ఈ సంగతి తెలియని మెకానిక్ పాత బండిని ముట్టుకోకూడదు.

కణ్ణప్ప మేస్త్రికి ఈ సంగతి నాకంటే బాగా తెలుసు. ఆయన అరవ మనిషి, పని దగ్గర రాక్షసుడు. నట్టు ఒక పిసరు వదులుంటే స్పానరు తీసి విసిరేవాడు. అంత కోపిష్టి మనిషి బస్సు ఓనరు ఎదురుగా నిలబడితే మాత్రం వెన్నలా కరిగిపోయేవాడు. ఆయన దగ్గర నేను నేర్చుకున్న పని అంతా మంచిది. ఆయన స్వభావం మాత్రం నాకు అంటకూడదని అప్పుడే అనుకున్నాను.

తిరువళ్ళూరు మీటింగు

ఒక వేసవిలో తిరువళ్ళూరులో ఒక ఆయిలు కంపెనీ వాళ్ళు బస్సు ఓనర్లను, మేస్త్రులను పిలిచి మీటింగు పెట్టారు. నేనూ మేస్త్రితో వెళ్ళాను. గోడకు పెద్ద బొమ్మ తగిలించారు. అందులో ఒక ఇంజను, సగం నల్లగా, సగం వెండిలా. కంపెనీ నుంచి వచ్చినాయన చదువుకున్నవాడు, మర్యాదస్తుడు. ఈ కొత్త ఆయిలు మసిని అడుగున పడనివ్వదని, తనలోనే కలుపుకుని తిప్పుతుందని, ఆయిలు మార్చినప్పుడు మసి కూడా బయటికి పోతుందని చెప్పాడు. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు.

చివర్లో ఇంకో మాట కూడా చెప్పాడు. పాత ఇంజనైతే ముందు ఛాంబరు దించి, మడ్డి గీకి, కిరసనాయిలుతో కడిగి, ఆ తర్వాతే ఈ ఆయిలు పోయాలి అని. సరిగ్గా అప్పుడే బోండాలు వచ్చాయి. జనం లేచారు. ఆయన మాట నాకు వినపడింది, మా మేస్త్రికి వినపడింది. ఇంకెవరి చెవినా పడినట్టు లేదు.

ఆయన వెళ్ళిపోయాక సరుకు అమ్మేది తిరువళ్ళూరు ఏజెంటు. అతనికి మన మనుషులు బాగా తెలుసు. మసి కలుపుకోవడం, తిప్పడం లాంటి మాటలు పల్లెల్లో పనికిరావని గ్రహించి, ఒకే ఒక్క మాట పట్టుకున్నాడు.

"ఇది ఇంజనుకు బేదిమందు సామీ. కడుపులో ఉండేదంతా దించేస్తాది."

ఆ ఒక్క మాటకు ఆ వేసవంతా డబ్బాలు దొరకలేదు.

నాయుడి పథ్యం

తిరుత్తణికీ తిరువళ్ళూరుకూ నడుమ ఉన్న కనకమ్మ సత్రం ఊళ్ళో చెంగల్రాయ నాయుడికి ఒకే బస్సు. శెనక్కాయల భూమి కొంత వదులుకుని దాన్ని కొన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఇంట్లో పిల్లా పెద్దా అందరికీ నెల తప్పకుండా ఆముదం తాగించే మనిషి. మరునాడు చారన్నం, మజ్జిగ, ఎండలోకి పోకూడదు. ఎద్దులకూ ఆయన లెక్కలో అదే వైద్యం. అలాంటాయనకు ఏజెంటు మాట గుండెలో దిగబడిపోయింది.

ఆ బస్సు డ్రైవరు మునిరత్నం అన్న. ఊరు తిరువళ్ళూరు పక్కన. ఆయన గేరు మారిస్తే లోపల కూర్చున్నవాళ్ళకు తెలిసేది కాదు. నాకు ఇంజను చప్పుడు వినడం నేర్పింది కూడా ఆయనే. చెక్క పిడి ఉన్న స్క్రూడ్రైవరు ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, "ఇప్పుడు విను, ఇది వాల్వు. ఇది బేరింగు" అని ఓపికగా చూపించేవాడు. పొలం లేదు, ఇల్లు అద్దెది. ఆయనకంటూ ఉన్నది ఆ డ్రైవరు సీటు, మంచి డ్రైవరన్న పేరు, అంతే.

నాయుడు కొత్త ఆయిలు డబ్బాలతో షెడ్డుకు వచ్చినప్పుడు నేను ఉన్న సంగతి చెప్పాను.

"అయ్యా, ముందు ఛాంబరు దించనీయండి. లోపల మడ్డి గీకినాక పోద్దాం. రెండు దినాలు బండి నిలిస్తే చాలు."

నాయుడు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "ఏమయ్యా, బేదిమందు ఇచ్చేదే కడుపు కడిగేదానికి గదా! కడుపు కోసి కడిగినాక మందు ఇంకెందుకు?"

షెడ్డులో అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఆయన అన్నదాంట్లో తర్కం ఉంది మరి. నేను కణ్ణప్ప మేస్త్రి వైపు చూశాను. ఆయన ఒక్క మాట కలిపి ఉంటే నాయుడు వినేవాడేమో. మేస్త్రి చేతులు తుడుచుకుంటూ, "అయ్యా చెప్పినట్టు చెయ్యప్పా" అన్నాడు. తిరుత్తణి మురుగన్ కొండకు జనం విరగబడి వచ్చే ఆడికృత్తిక పండగ దగ్గర పడుతోంది, ఆ సమయంలో బండి నిలపమంటే నాయుడు ఇంకో షెడ్డుకు పోతాడని ఆయన భయం. ఆ భయం తప్పని ఇప్పటికీ అంటాను.

ఆయిలు పోశాము. వారం తిరక్కుండానే అది కాటుకలా నల్లబడింది. ఆ ఆయిలు నల్లబడటం దాని పని అది చేస్తోందనడానికి గుర్తు. నాయుడు మురిసిపోయాడు. ఆయిలు చూసే కడ్డీ బయటికి లాగి, టీ కొట్టు దగ్గర అందరికీ చూపించాడు. "చూడండ్రా, ఎన్నేండ్ల మురికో!" తన బంధువుల చేత కూడా వాళ్ళ బండ్లలో అదే ఆయిలు పోయించాడు. ఆ నల్ల ఆయిలు దించేసి మళ్ళీ రెండో మోతాదు పోయించాడు. అంతటితో ఆగలేదు. మందు పడిన ఒంటికి పథ్యం ఉండాలని ఆ రోజు బస్సులో సగం మందినే ఎక్కించమని, ఎండలో నిలపొద్దని మునిరత్నం అన్నకు ఆర్డరు వేశాడు.

"మామూలుగా ఉండాదా అన్నా?" అని నేను అడిగాను.

"చప్పుడు మెత్తంగా ఉండాది తమ్ముడా. బాగానే ఉండాది" అన్నాడు.

బాగానే ఉంది కూడా. లోపల మడ్డి గోడలకు పట్టు వదులుతోంది, ఇంకా రాలిపడలేదు.

ఆడికృత్తిక

పండగ రోజు బస్సు ఎలా ఉంటుందో ఈ ప్రాంతం వాళ్ళకు చెప్పనక్కర్లేదు. లోపల, పైన, వెనక నిచ్చెన మీద, ఎక్కడ చూసినా పసుపు బట్టలు, కావళ్ళు. తిరువళ్ళూరు నుంచి నిండు బస్సుతో మునిరత్నం అన్న బయలుదేరాడు. కనకమ్మ సత్రం దాటాక ఇంజనులో సన్నగా తట్టినట్టు చప్పుడు మొదలైంది. ఆయన వెంటనే బండి పక్కకు తీసి ఆపాడు. ఇది నేను ఊహించి రాయడం లేదు, ఆ బస్సులో ఉన్నవాళ్ళు ఎంతోమంది నాకు చెప్పారు.

ఆయన దిగి బానెట్టు ఎత్తి ఆయిలు కడ్డీ లాగి చూశాడు. ఆయిలు నిండుగా ఉంది. ఆయిలు ఒత్తిడి చూపించే ముల్లు ఆ బస్సులో ఎప్పుడో చచ్చిపోయింది, ఆ రోజుల్లో అది పనిచేసే బస్సు మా వైపు ఒకటో రెండో. ఇక రోడ్డు మీద డ్రైవరు చేయగల పరీక్ష ఇంకేముంది? జనం పైనుంచి అరుస్తున్నారు. దర్శనం దాటిపోతుందని ఒక ముసలామె ఏడుస్తోంది. ఆయిలు నిండుగా ఉంది గదా అని ఆయన మళ్ళీ బయలుదేరాడు. ఇంకొంచెం దూరం పోయేసరికి చప్పుడు సుత్తి దెబ్బలైంది. ఒక్క కుదుపుతో ఇంజను పట్టేసి, చక్రాలు జారి, బస్సు రోడ్డుకు అడ్డంగా నిలిచిపోయింది. మురుగన్ దయ, ఎవరికీ దెబ్బ తగల్లేదు.

జనం కావళ్ళు భుజాన పెట్టుకుని నడిచి వెళ్ళారు. మునిరత్నం అన్న బస్సు మెట్టు మీద కూర్చుని ఉండిపోయాడట.

ఛాంబరు విప్పిన రోజు

ఎద్దులను కట్టి బస్సును షెడ్డుకు లాక్కొచ్చారు. ఛాంబరు నేనే దించాను. నాయుడు, మేస్త్రి, మునిరత్నం అన్న ముగ్గురూ పక్కన నిలబడ్డారు.

నా జీవితంలో అంత శుభ్రమైన పాత ఇంజను నేను చూడలేదు. కంపెనీ బొమ్మలో ఉన్నట్టే ఉంది. గోడలు తోమిన గిన్నెల్లా మెరుస్తున్నాయి. కొత్తలో పోత పోసినప్పటి గుర్తులు కూడా కనిపించాయి. ఎన్నో ఏళ్ళుగా ఎవరి కంటా పడని ఇనుము అది. అయితే బేరింగుల లోపలి పూత కరిగిపోయింది, పిస్టనును ఇరుసుకు కలిపే కనెక్టింగ్ రాడ్ ఒకటి వంగి ఉంది, ఇరుసు కమిలి నీలంగా మారింది.

ఆయిలు పంపు మూతికి ఒక తీగ జల్లెడ ఉంటుంది. ఆయిలు దాంట్లోంచి పైకి పోయి బేరింగులను తడుపుతుంది. ఆ జల్లెడ విప్పి తీశాను. గోడల మీదనుంచి ఊడిన మడ్డి అంతా అక్కడికి వచ్చి చేరింది. ఒక్క కన్ను కూడా ఖాళీ లేదు. కింద తొట్టి నిండా ఆయిలు, పైన బేరింగులకు ఒక్క చుక్క లేదు. కడ్డీ చూసినవాడికి ఇది తెలిసే దారి లేనే లేదు.

నాయుడి చేతిలో జల్లెడ పెట్టి ఇదంతా విడమరిచి చెప్పాను. ఆయన జల్లెడ చూశాడు. తర్వాత వంగి ఇంజను లోపలికి చూశాడు.

"లోపల ఇంత బాగా కడిగింది గదా" అన్నాడు. "ఆయిలు తప్పు యాడుండాది?"

"అయ్యా, కడిగింది కాబట్టే..."

"నువ్వుండు." ఆయన మునిరత్నం అన్న వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. చప్పుడు ఇంటివా, ఇనలేదా?"

"ఇంటిని, నాయుడా. ఇన్నాకే నిలిపినా."

"ఇన్నోడివి మళ్ళా ఎందుకు తోలితివి?"

"ఆయిలు నిండుగా ఉండింది" అన్నాడు మునిరత్నం అన్న.

"ఆయిలు నిండుగా ఉంటే ఇంజను కాలుతాదా? నిలిపినాను అంటాండావు. చప్పుడు ముందే వచ్చి ఉంటాది, నీకు ఇనపడి ఉండదు. చెవులు యాడ పెట్టుకోని తోల్తాండావు?"

నేను అడ్డం పడ్డాను. గట్టిగానే మాట్లాడాను. డ్రైవరు తప్పు ఇసుమంత కూడా లేదని, ఏ డ్రైవరైనా ఇంతే చేస్తాడని అన్నాను. కణ్ణప్ప మేస్త్రి నోరు మెదపలేదు. ఆయన మౌనం చూసి నాయుడికి ధైర్యం వచ్చింది. అప్పుడు నాకు మండింది, ఇప్పుడు రాస్తుంటే కూడా మండుతోంది.

నాయుడి మనసు నాకు అర్థం కాకపోలేదు. ఆ ఆయిలు ఆయన తెచ్చింది, ఊరంతా చూపించింది, బంధువులందరి చేతా పోయించింది. అది తప్పంటే తాను తప్పు. భూమి పోయి, బస్సు పోయి, పైగా తెలివితక్కువవాడన్న మాట కూడా పడాలంటే ఏ మనిషికైనా కష్టమే. నింద వేయడానికి ఇంకొకరు దొరికారు. ఆ రోజే మునిరత్నం అన్నను పనిలోంచి తీసేశాడు. ఆయన సీటు కింద ఉన్న తన దుప్పటి, చెంబు తీసుకుని నడిచి వెళ్ళిపోయాడు. నేను నీళ్ళ పంపు దగ్గరికి పోయి మొహం కడుక్కున్నాను. ఏడుపు వచ్చింది, ఎవరైనా చూస్తారని.

ఆయిలు మీద నా తీర్పు

ఇక్కడ ఆగి అడిగిన ప్రశ్నకు పూర్తి జవాబు చెప్పేస్తాను. తిరువళ్ళూరులో ఒక డాక్టరుగారు కొత్త కారు కొన్నారు. మొదటి రోజు నుంచి ఇదే రకం ఆయిలు, వేళకు మార్పిడి. కొన్నేళ్ళ తర్వాత వేరే పని మీద ఆ ఇంజను విప్పితే లోపల వేలు పెట్టి రుద్దినా మసి అంటలేదు. కొత్త ఇంజనుకు, లేదా విప్పి కడిగి బిగించిన ఇంజనుకు ఆ ఆయిలు చాలా మంచిది. డబ్బా మీద రాసింది అక్షరాలా నిజం.

అయితే నిజం ఎవరికి, ఏ బండికి, ఎప్పుడు అన్నది డబ్బా చెప్పదు. అమ్మేవాడు అసలే చెప్పడు. అది చెప్పాల్సింది మనం. చెప్పినా వినని ఓనరు వస్తే బండి ముట్టుకోకుండా పంపించేయండి. షెడ్డు నా చేతికి వచ్చాక నేను అలా చాలామందిని పంపించాను, నష్టపోయాను కూడా. పాత బండికి ఛాంబరు దించకుండా ఈ ఆయిలు పోయనని బోర్డు మీద రాసి పెట్టాను. నన్ను పొగరుబోతు అన్నారు. అననీయండి.

మళ్ళీ స్టీరింగు ముందు

బస్సు లైనులో కబురు పాకడానికి ఎంతసేపు! తిరుత్తణి నుంచి తిరువళ్ళూరు దాకా ప్రతి స్టాండులో మునిరత్నం అన్న పేరు పోయి, "ఇంజను కాల్చినోడు" అన్న పేరు వచ్చింది. ఏ ఓనరూ పని ఇవ్వలేదు. నేను పోయి ఒక్కొక్కరికీ జల్లెడ సంగతి చెప్పాను. తల ఊపేవాళ్ళు, మళ్ళీ చూద్దాం అనేవాళ్ళు. ఆయన తిరువళ్ళూరులో శెనక్కాయల మిల్లులో మూటలు మోయడానికి చేరాడు. నేను కలిసినప్పుడల్లా ఆ మాటే ఎత్తేవాడు.

"తమ్ముడా, ఆ చప్పుడు నిజంగా సత్రం దాటినాకే వచ్చిందా? అంతకు ముందే వచ్చిందేమో, నాకు తెలీలేదేమో?"

"నీకు తెలీకుండా పోతాదా అన్నా? నీ తప్పేం లేదు. జల్లెడ నేను కండ్లారా చూసినా గదా."

"నువ్వు నా మీద అభిమానంతో చెప్తాండావు" అనేవాడు.

తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసిన ఏడాది మా రోడ్డు మీదికి కొత్త బస్సులు వచ్చాయి. డ్రైవర్లు చాలలేదు. తిరువళ్ళూరులో ఒక ఓనరు, మంచి మనిషి, నా మాట మీద మునిరత్నం అన్నను తీసుకోవడానికి ఒప్పుకున్నాడు. నాకు పండగలా అనిపించింది. మిల్లుకు వెళ్ళి ఆయన్ను బతిమాలి, స్నానం చేయించి, ఉతికిన చొక్కా తొడిగించి స్టాండుకు తీసుకొచ్చాను. కొత్త బండి, ఇంకా రంగు వాసన కూడా పోలేదు.

ఆయన ఎక్కి కూర్చున్నాడు. సీటు ముందుకు జరుపుకున్నాడు, అద్దం సర్దుకున్నాడు. చేతులు ఏదీ మరిచిపోలేదు. స్టార్టు చేశాడు. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. గుండ్రంగా, మెత్తగా తిరుగుతోంది. నేను కింద నిలబడి వింటున్నాను. వాల్వు, బేరింగు, పిస్టను, అన్నీ విడివిడిగా విన్నాను. ఎక్కడా చిన్న తేడా లేదు.

మునిరత్నం అన్న తల ఒక పక్కకు వంచి విన్నాడు. ఇంజను ఆపేశాడు.

"దీంట్లో కూడా కొడతాండాది తమ్ముడా" అన్నాడు.

"ఏమీ కొట్టడం లేదన్నా. నేనూ విన్నా గదా."

"కొడతాండాది. నీకు ఇనపళ్ళేదు, అంతే." ఆయన తాళం తీసి నా చేతిలో పెట్టి, మెల్లగా దిగాడు. "ఇంకొకరిది కూడా కాలిస్తే నేను తట్టుకోలేనప్పా" అని, మిల్లు వైపు నడిచి వెళ్ళిపోయాడు.